సాగే కొలబద్ద

షెడ్డు నుంచి,
జూన్ 9, సోమవారం

వదినగారికి మీ మరిది నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, మీ స్టూలూ, పొగ లాగే ఫ్యానూ క్షేమం. అక్కడ మీరూ, అన్నయ్యా క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్లో మీరు తిన్నావా అంటారు, నేను తిన్నానంటాను, అసలు సంగతి గొంతులోనే ఉండిపోతుంది. ఎనిమిది నెలలుగా జరుగుతున్నది అదే.

ముందు కబుర్లు. కిటికీ పక్క రేకు కారుతుంటే తారు పూయించాను. మీ బల్ల దగ్గర ఎవరినీ కూర్చోనివ్వడం లేదు, నేనూ కూర్చోవడం లేదు. హేచరీ ఆవిడ పోయిన నెల మళ్ళీ వచ్చింది. గుడ్లు పొదిగే పెట్టె ఇంకొకటి చేసిపెట్టమంది. కోపం చల్లారిందనుకుని సంబరపడేలోపే, ఈసారి పిల్లలు రాకపోతే నన్నే తీసుకెళ్ళి పెట్టెలో పడుకోబెడతానంది. అందుకని ఈసారి చిప్ ఎంచుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. మీరు నమ్మరుగానీ, డేటాషీట్లో అనలాగ్ భాగమంతా చదివాను, కింద ఉండే సన్నక్షరాలతో సహా.

పోయినసారి నేను చేసిన ఘనకార్యం మీకు గుర్తుండే ఉంటుంది. సెన్సరు వేడిని వోల్టేజిగా ఇస్తుంది, చిప్ ఆ వోల్టేజిని కొలిచి అంకెగా మార్చాలి. మీరు పది బిట్ల చిప్ చాలన్నారు. నేను పన్నెండు బిట్లదే కావాలని మొండికేశాను. మీది వెయ్యి గీతల కొలబద్ద, నాది నాలుగు వేల గీతలదని లెక్చరిచ్చాను. పైగా నా చిప్‌కి ప్రోగ్రాం రాయడం నాకు కొట్టినపిండి. మీరు సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి ఒక్క మాటన్నారు.

"బద్దే సాగుతుంటే గీతలెన్నుంటే ఏం లాభం, బిట్లబాబూ?"

ఆ పేరు నాకు అలా అతుక్కుంది. నేనేమో ఉడుక్కుని, వదిన ఇంకా రేడియోల కాలంలోనే ఉందని అన్నయ్యతో అన్నాను. మీకు వినబడేలాగే అన్నాను. నాకు ఐరన్ పట్టుకోవడం నేర్పిన మనిషిని అలా అన్నాను.

మీరు చెప్పినదే నిజం. మీ చిప్‌లో సొంత రిఫరెన్స్ ఉంది. కరెంటు సప్లై పెరిగినా తగ్గినా అది కదలని కొలబద్ద. పొట్టిది కూడా, అందుకే దాని వెయ్యి గీతలూ నా నాలుగు వేల కంటే దగ్గరదగ్గరగా ఉన్నాయి. నా చిప్‌ని నేను సప్లైనే బద్దగా పెట్టుకుని కొలవమన్నాను. హీటరుని వేసే రిలే స్విచ్ పడి ఫ్యాను తిరగ్గానే అయిదు వోల్టులు కాస్తా నాలుగు పాయింట్ ఎనిమిదికి దిగిపోయేవి. లోపల ముప్పయ్యారు డిగ్రీలే ఉంటే చిప్ ముప్పయ్యేడున్నర అనుకుని హీటరు ఆపేసేది. డిస్‌ప్లే మీద మాత్రం అంకె దశాంశంతో సహా ముచ్చటగా కనబడేది. రెండు వందల ఎనభై గుడ్లు ఆ ముచ్చటైన అంకె కింద చల్లబడిపోయాయి. కొత్త పెట్టె కోసం ఈమధ్య కొలుస్తుంటే ఈ సంగతి బయటపడింది.

ఇప్పుడు తీసుకున్న చిప్‌లో సొంత రిఫరెన్స్ ఉంది, చిన్న ఆంప్లిఫయర్లు రెండున్నాయి. ప్రోగ్రాం మొరాయించినా వేడి హద్దు దాటితే హీటరు ఆపేసే కంపారేటర్ కూడా ఉంది. మీరు చూపించిన చిప్‌కి వరసకు తమ్ముడవుతుంది. ఏ మరిదికైనా వదిన మాట ఆలస్యంగానే ఎక్కుతుందనుకోండి.

కాబట్టి వదినా, ఆ పెట్టె పాడవడంలో చిప్ తప్పు నాది. సెన్సరు కాలి దగ్గర సరిగ్గా పట్టని అతుకు, ఆ డ్రై సోల్డర్ కూడా తోడైంది కాబట్టి చెరిసగం అనుకుందాం. పెట్టె తిరిగొచ్చిన రోజు, మీరు వేసిన ఆ అతుకుని మీరే భూతద్దంలో చూశారు. బూడిదరంగులో, చుట్టూ పగులుతో ఉంది. చాలాసేపు చూసి, హేచరీ ఆవిడవైపు తిరిగి, నా కళ్ళు మసకబారాయమ్మా, తప్పు నాదేనని చెప్పేశారు. ఐరన్ మొన తుడిచి డబ్బాలో పెట్టేశారు. అన్నయ్యకి బదిలీ అయినా షెడ్డు వదిలేది లేదని పోట్లాడిన మీరు, ఆ వారమే మారుమాట లేకుండా సామాను సర్దుకున్నారు.

శుక్రవారం అన్నయ్య ఫోన్ చేశాడు. అక్కడి శిక్షణ కేంద్రంలో ఆడపిల్లలకు సోల్డరింగ్ నేర్పమని మిమ్మల్ని అడిగారట. పదిహేనో తేదీలోపు చెప్పాలట. కళ్ళు లేనిదాన్ని ఏం నేర్పుతానని మీరు వద్దంటున్నారట. కంటి డాక్టరు ఏ లోపమూ లేదన్నా, మొహమాటానికి చెప్పాడంటున్నారట. రోడ్డు దాటాలన్నా ఇప్పుడు తన చెయ్యి పట్టుకుంటున్నారని అన్నయ్య మురిసిపోతూ చెప్పాడు. నాకు అన్నం సహించలేదు.

ఒప్పుకోండి వదినా. నా మాట వినండి.

ఇట్లు,
మీ మరిది,
బిట్లబాబు

తా.క.: పైన రాసింది మూడుసార్లు చదువుకున్నాను. చెరిసగం అని రాయడానికి నాకు చెయ్యెలా వచ్చిందో తెలియడం లేదు. సప్లై దిగుతోందని నాకు తెలిసింది ఈమధ్య కాదు. పెట్టె తిరిగొచ్చిన రోజు ఉదయమే, మీరు రాకముందే, మీటరులో చూశాను. అప్పటికి మీ అతుకు తళతళా మెరుస్తూ ఉంది. దానికి ఐరన్ ఆనించి, సోల్డరు గట్టిపడేలోపు సెన్సరు కాలు కదిపాను. అలా ఎప్పుడూ కదపొద్దని నాకు నేర్పింది మీరే. మీరొచ్చి భూతద్దం అడిగితే నేనే తీసి అందించాను.

ఆ బోర్డు పార్సిల్లో పంపుతున్నాను. దాని మీద నలభై నాలుగు అతుకులున్నాయి. నలభై మూడు మీవి, ఒక్కటి నాది. ఏది నాదో కనుక్కోవడానికి మీకు భూతద్దం అక్కర్లేదు, అందుకే పెట్టలేదు.