సున్నా తేడాకి ఎర్ర గుర్తు

బెంగుళూరు, ఆగస్టు 12.
ఇవాళ్టి పనులు: వంట రెండు పూటలు, బట్టలు ఒక విడత, కందిపప్పు బాగుచేయడం. అన్నీ అయ్యాయి.

రాజేశ్వరక్కకు నమస్కారాలు.

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఫోన్లో మాట పెగలడం లేదు, అందుకే నా పనుల చిట్టా కిందే రాస్తున్నాను. మీ మరిది పోయాక అమ్మాయి శిరీష దగ్గరికి వచ్చేశాను కదా, ఇక్కడ రోజూ ముసురే. తింటున్నాను, రుచి మాత్రం తెలియడం లేదు. దిగులు పడకు, బాగానే ఉన్నాను.

డబ్బా సంగతి. వచ్చేటప్పుడు మన పాలకొల్లు ఆడవాళ్ళ పొదుపు డబ్బా నీకప్పగించి, లెక్కలకి శిరీష చేత ఫోన్లో యాప్ చేయించాను. డబ్బాలోదీ బ్యాంకులోదీ కలిపితే పద్దుతో సరిపోవాలి. పోయిన నెల యాప్ తేడా సున్నా అని చూపిస్తూనే ఎర్ర గుర్తు పెట్టింది. లెక్క కుదరకుండా డబ్బాకి తాళం వేయకూడదన్నది మన పద్ధతి. ఎక్కడో తగ్గిందనుకుని నీ పర్సులోంచి గుట్టుగా పది రూపాయలు వేశావు. దాంతో ఈ నెల నిజంగానే పది ఎక్కువ తేలింది. "ఎవరి పద్దులోవండీ ఇవి? రాజేశ్వరిగారి డబ్బాలో డబ్బులు పిల్లలు పెడుతున్నాయా ఏంటి?" అని మన పొదుపులోని వరలక్ష్మిగారు నలుగురిలో అన్నారని, డబ్బా ఇచ్చేస్తానని ఫోన్లో ఏడ్చావు. నాకు ఏడుపు రాలేదక్కా. శిరీషకి చెప్పాను.

చూసి, "తప్పు నాదేనమ్మా" అంది. "బ్యాంకు వడ్డీలో పైసలున్నాయి. మిషన్ మనలా పదుల్లో కాక రెండ్లలో లెక్కపెడుతుంది, రూపాయిలో పదోవంతైన పది పైసలు దానికి పూర్తిగా పట్టవు. ఒకటిని మూడుతో భాగిస్తే మనం మూడు తర్వాత మూడు రాసుకుంటూ పోతామే, అలాగ. పైకి సున్నాగా కనబడినా లోపల వెంట్రుకవాసి మిగిలింది, దానికే ఎర్ర గుర్తు."

"తెలిసీ అలా ఎందుకు పెట్టావే?"

"డబ్బు లెక్కకి అలా పెట్టకూడదని చదువుకున్నానమ్మా. చిన్న యాప్ కదా అనుకున్నా."

ఇప్పుడంతా పైసల్లోకి మార్చింది. యాప్ ఇక రూపాయిన్నరని కాకుండా నూటయాభై పైసలని దాస్తుంది. వడ్డీ పంచగా మిగిలే పైసలేం చేయాలని శిరీష అడిగింది. ఎప్పటిలాగే వచ్చే నెలలో కలపమన్నాను.

నిన్న వరలక్ష్మిగారికి తనే ఫోన్ చేసి చెప్పింది. "అయ్యో, ఆవిడ సొంత డబ్బు వేశారా? చెప్పరేంటండీ! డబ్బా ఆవిడ దగ్గరే ఉండాలండి" అన్నారట. నువ్వు మానకు.

ఎవరైనా వస్తుంటే బీరువా పై అరలో ఉన్న నా పాత కళ్ళజోడు పంపు. బావగారికి నమస్కారాలు చెప్పు. పెద్దదానివి, నన్నూ పిల్లనీ చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు,
సుశీల

తా.క. ఇవాళ మధ్యాహ్నం వరలక్ష్మిగారు ఫోన్ చేశారు. అందరి ముందూ డబ్బా తెరిచి నీ పది నీ చేతిలో పెట్టారట. తాళం నువ్వే వేశావట. ఇక్కడ నా చిట్టాలోనూ రాసుకున్నాను: అక్కకి పది రూపాయలు, చెల్లు.