అల్లుడుగారి శిరస్త్రాణం

మే 12, సోమవారం

చిరంజీవి అల్లుడుగారికి,

మీ మామ ఆశీస్సులతో రాస్తున్న సంగతులు. ఇక్కడ మీ అత్తగారి మోకాళ్ళు, నా కుడి భుజం మినహా అందరం క్షేమం. మీరు కూడా క్షేమమేనని మీరే రాశారు కాబట్టి నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

మీ కవరు చూడగానే మీ అత్తగారు కంగారుపడింది. ఈ రోజుల్లో ఉత్తరమంటే ఏ కోర్టు నుంచో రావాలి గాని, ఇదే ఊళ్ళో ఉన్న అల్లుడి నుంచి ఏమిటి అంది. ఫోన్ తెర చూస్తే కళ్ళు గుంజుతున్నాయి, తల పగిలిపోతోంది, అందుకే కాగితం మీద రాస్తున్నాను అని మీరు రాసిన వాక్యం చదివి వినిపించాను. ఇంకా కంగారుపడింది. దాని కిందే, నాకేం కాలేదు, అందరూ కలిసి నన్ను రోగిని చేస్తున్నారు అని ఉంది. ఆ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి ఎలా రాయగలిగారో మీకే తెలియాలి.

సరే, అసలు విషయానికి వస్తాను. మీ శిరస్త్రాణం ఇంకా కాలేదు. వెనక పడ్డ సొట్ట తీసేశాను. అదెంత, బొటనవేలు పట్టేంత. కానీ ముఖం మూత కీలు అరిగిపోయింది, మూసినప్పుడు ఒక పక్కకి జారుతోంది. గడ్డం పట్టీకి సరైన తోలు దొరకలేదు. తోలు దుకాణం ఆయన కూతురి కాన్పుకని వెళ్ళి కూర్చున్నాడు, ఎప్పుడొస్తాడో ఆ పిల్లకే తెలియాలి. కాస్త ఓపిక పట్టండి.

దాన్ని మా అమ్మాయే ఎత్తుకొచ్చి నా దగ్గర పడేసిందని, తండ్రీకూతుళ్ళం ఏకమై మిమ్మల్ని ఆటకి దూరం చేస్తున్నామని రాశారు. మీరు అలిగి, ఇల్లు వదిలి, జట్టు వాళ్ళు సాధన చేసే షెడ్డులో చాపల మీద పడుకుంటున్నారని కూడా తెలిసింది. పెళ్ళాం మీద అలిగితే ముందుగదిలో పడుకుంటారు గాని ఊరి చివర షెడ్డులో కాదు. మా అమ్మాయికి ఇందులో ప్రమేయం లేదు. ఈ ఒక్క ముక్కా నా మాట మీద నమ్మండి.

మీరు వారమంతా లిఫ్టులు బాగుచేసుకునే మనిషి. ఆదివారం వచ్చేసరికి కవచం తొడిగి, పేము కర్ర కత్తి పట్టి బరిలో పోట్లాడే ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి యోధుడైపోతారు. అందులో నాకేమీ తప్పు కనపడలేదు, ఇప్పటికీ కనపడదు. రేకుతో గాలిగొట్టాలు చేసుకునే నన్ను మీ జట్టే కదా కవచాలు చేసేవాణ్ణి చేసింది. మొదటిసారి మీ కొలతలు తీసుకుంటున్నప్పుడు చంకలో టేపు పెడితే చక్కిలిగిలి అని మీరు గెంతులు వేసిన సంగతి మీ అత్తగారు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. కానీ మొన్నటి పోటీలో పొడుగు కర్ర పట్టినవాడు వెనకనుంచి వేసిన దెబ్బ వేరు. మీరు లేచి నవ్వారట, ఆట పూర్తి చేశారట. తీరా బండెక్కాక, మనం ఎక్కడికి వెళ్తున్నాం అని అమ్మాయిని అడిగారట. చెప్పిందట. మలుపు తిరగ్గానే మళ్ళీ అదే అడిగారట. డాక్టరుగారు చెప్పింది మీరూ విన్నారు. తలకి ఇంకో దెబ్బ తగిలితే ఈసారి వచ్చే మరుపు వచ్చినట్టు పోదన్నారు. విన్నది గుర్తుందో లేదో అని మళ్ళీ రాస్తున్నాను, విసుక్కోకండి.

తోలు రాగానే కబురు పెడతాను.

మీ క్షేమం కోరే
మామ


మే 27, మంగళవారం

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. మీ రెండో ఉత్తరం అందింది. ఇంతెత్తున లేచి రాసినట్టున్నారు, కలం పోట్లకి కాగితం రెండు చోట్ల చిరిగింది. కుంటిసాకులు చెబుతున్నానన్నారు. అనండి. ఈ వయసులో నేను పడని మాటంటూ ఏం మిగిలింది గనక.

తోలు వచ్చింది. తోలు దుకాణం ఆయనకి మనవరాలు పుట్టింది. అయితే లోపల పెట్టే దూది టోపీ ఉంది చూశారూ, దాన్ని ఎలుకలు కొరికేశాయి. మళ్ళీ దూది నింపి, మళ్ళీ గళ్ళు గళ్ళుగా కుట్టాలి. ఆ కుట్టు పని మీ అత్తగారిది, ఆవిడకి ఇప్పుడు సూదిలో దారం ఎక్కడం లేదు. ఇంకాస్త మందం రేకు వేసి కొత్తది చేసిస్తే ఏ గొడవా ఉండదు కదా అని మీరు సలహా ఇచ్చారు. రేకు మందం పెంచితే బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయాల్సింది మీ మెడ. దెబ్బ పడ్డప్పుడు బరువైన తల మరీ జోరుగా ఊగుతుంది. ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు.

ఎలా తెలిసిందంటారా, వినండి. నవ్వితే నవ్వారు గాని, పక్కవాళ్ళకి చెప్పకండి. పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఆకలి కూడా వెయ్యక, ఊరికే కూర్చోలేక, మీ శిరస్త్రాణం నా నెత్తిన పెట్టుకున్నాను. నా తల మీ తలంత లేదు, లోపల తువ్వాలు చుట్టుకున్నాను. మీ జట్టు వాళ్ళు టేపు చుట్టించడానికి ఇచ్చి వెళ్ళిన పేము కత్తి ఒకటి మూల ఉంది. దాన్ని మీ అత్తగారి చేతికిచ్చి, ఒక్కటి వెయ్యి అన్నాను. ఇన్నాళ్ళ కాపురంలో ఇంత మంచి మాట నా నోట వినలేదన్నట్టు చూసింది. ముందు భయపడి తట్టినట్టు కొట్టింది. ఇలా కాదు, నేను నీకు చెప్పకుండా మిక్సీ అమ్మేసిన రోజు తలచుకుని కొట్టు అన్నాను.

తలచుకుంది.

శిరస్త్రాణం తీసి చూస్తే రేకు మీద గీత కూడా లేదు. నా చేతి పని అది, కించిత్తు గర్వం కూడా కలిగింది. కానీ నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, చెవుల్లో హోరు మొదలై సాయంత్రం దాకా తగ్గలేదు. అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కున్నానా అని మీ అత్తగారిని అడిగాను. పేము కర్రతో ఒక ముసలావిడ కొట్టిన దెబ్బ అది. మీ ఎదురుగా నిలబడేది ముసలావిడలు కాదు.

ఇనుము ఆపగలిగింది ఇనుము ఆపుతుంది. లోపల ఉన్న మెత్తటిదాన్ని కదలకుండా పట్టుకోవడం నాకు చేతకాదు, ఏ పనివాడికీ చేతకాదు. ఇన్నేళ్ళు కవచం బాగుంటే మనిషి బాగున్నట్టే అనుకుని పని చేశాను. ఇప్పుడు సుత్తి ఎత్తాలంటే చెయ్యి లేవడం లేదు. భుజం నొప్పి ఒక్కటే కాదు లెండి. అలిసిపోయాను అల్లుడుగారూ.

అమ్మాయి రోజూ పని అయ్యాక క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వస్తోందట. మీరు తలుపు తియ్యకుండా, గుమ్మంలో పెట్టి వెళ్ళమంటున్నారట. మర్నాడు ఖాళీ గిన్నెలు మాత్రం కడిగి పెట్టి ఉంటున్నాయట. కడిగే ఓపిక ఉన్న మనిషికి తలుపు గడియ తియ్యడం ఎంత పని? కోపం నా మీద చూపించండి. నాకు అలవాటే.

దూది పని కాగానే కబురు చేస్తాను.

మీ
మామ


జూన్ 9, సోమవారం

చిరంజీవి అల్లుడుగారికి,

ఆశీస్సులు. క్షేమ సమాచారాలు రాసే ఓపిక ఈసారి లేదు, మీ అత్తగారు ఆ లోటు తర్వాత తీరుస్తుంది.

మీ జట్టు నాయకుడు, అదే మీరంతా సేనాపతి అని పిలిచే బ్యాంకు గుమస్తా, పొద్దున్న దుకాణానికి వచ్చాడు. మీరు పంపారనే చెప్పాడు. శిరస్త్రాణం ఇచ్చేయండి మామగారూ, వచ్చే ఆదివారమే పోటీ అన్నాడు. బల్ల మీద గుడ్డ కప్పి ఉన్నదాన్ని చూస్తూనే అడిగాడు. ఇంకా కాలేదన్నాను. ఆ గుడ్డ ఎత్తి చూసి ఉంటే నా పరువు అక్కడే పోయేది. మర్యాదస్తుడు, ఎత్తలేదు. పోనీలెండి, జట్టులో అదనంగా ఒకటి ఉంది, కాస్త వదులు, అదే సర్దుకుంటాడు అని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక స్టూలు మీద అలాగే కూలబడ్డాను. నేను చేసిన శిరస్త్రాణం ఇవ్వకపోతే మీరు బరిలోకి దిగరనుకున్నాను. అంత తెలివితక్కువవాణ్ణి. వదులుగా ఉండే శిరస్త్రాణమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? దెబ్బ పడ్డప్పుడు అది ఒక వైపు తిరుగుతుంది, తల మరో వైపు తిరుగుతుంది.

సేనాపతి గుమ్మం దాటకముందే అతనికి డాక్టరు మాట చెప్పాను. అల్లుడుగారు తనకి పూర్తిగా నయమైందని డాక్టరే రాసిచ్చాడని చెప్పారే అని ఆశ్చర్యపోయాడు. మీరు అబద్ధమాడారని నేననుకోవడం లేదు. అలా రాసిచ్చారనే మీరు నమ్ముతున్నారేమో అనిపించింది. అబద్ధమే ఆడి ఉంటే బాగుండునని కూడా అనిపించింది, చూడండి నా గతి.

నిన్న అమ్మాయి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. కుర్చీలో చేరగిలబడి, నేనేం చేశాను నాన్నా, ఆ శిరస్త్రాణం నేను ముట్టుకోలేదు, నీ దగ్గరికి ఎలా వచ్చిందో కూడా నాకు తెలియదు, నువ్వైనా ఆయనకి చెప్పవూ అంది. నేను గోడ వైపు చూశాను. లిఫ్టు గుంతలో దిగి పని చేస్తుంటే ఆయనకి కళ్ళు తిరిగాయని, తోటి పనివాడు రెక్క పట్టుకుని లాగాడని, ఆ పనివాడి భార్య చెబితే తెలిసిందని అంది. ఆ మాట చెబుతున్నప్పుడు దాని ముఖం చూడలేకపోయాను. మీ అత్తగారు కాఫీ ఇస్తే చల్లారేదాకా పట్టుకుని, అలాగే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం బరిలోకి దిగకండి. ఇది మామగా ఆజ్ఞ కాదు, ఆజ్ఞాపించే హోదా నాకు లేదు. బతిమాలుతున్నాను. కావాలంటే వచ్చి నా మీద కేకలెయ్యండి. దుకాణంలో ఉన్న కవచాలన్నీ తీసుకెళ్ళండి, చేతులకి, కాళ్ళకి, ఛాతీకి ఏం కావాలంటే అది చేసిస్తాను. తలకి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

ఇంతకన్నా రాయడానికి నాకు అధికారం లేదు. ఎందుకు లేదో కూడా రాయలేను.

మీ
మామ

తా.క. సంతకం పెట్టి కవరు అంటించబోతూ ఆగిపోయాను. మాట ఇచ్చినవాణ్ణి, తప్పుతున్నాను. అమ్మాయి ముఖం చూశాక ఆ మాట మొయ్యడం నావల్ల కావడం లేదు.

శిరస్త్రాణం ఎప్పుడో అయిపోయింది. కీలు అరగలేదు. తోలు నా దగ్గరే ఉంది. ఎలుకలూ లేవు, పాపం మీ అత్తగారి చూపుకీ ఏ లోపం లేదు. నేను మీకు మొదటి ఉత్తరం రాసేనాటికే అది తళతళలాడుతూ గుడ్డ కింద ఉంది.

దాన్ని మీకు ఇవ్వొద్దని నా దగ్గర మాట తీసుకున్నది మా అమ్మాయి కాదు. మీరే.

పోటీ అయిన మర్నాడు పొద్దున్నే, నేను షట్టర్ ఎత్తుతుంటే మీరొక్కరే వచ్చారు. శిరస్త్రాణం ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. పళ్ళు తోముకున్నానో లేదో గుర్తు లేక బ్రష్ తడిగా ఉందా అని తడిమి చూసుకున్నాను మామయ్యగారూ అన్నారు. మా ఆటలో ఒక పద్ధతి ఉంది, దెబ్బ తగిలిందో లేదో తిన్నవాడే పైకి చెప్పాలి, ఎదుటివాడు చెప్పకూడదు, జట్టులో ఎవరికీ చెప్పలేక మీకు చెబుతున్నాను, గట్టిగానే తగిలింది అన్నారు. తర్వాత నేను మాట మార్చేస్తాను, నాకేం కాలేదంటాను, పోట్లాడతాను, ఇప్పుడు చెప్పింది గుర్తుచేసినా మీరే నాటకం ఆడుతున్నారంటాను, కాబట్టి నాకూ చెప్పకండి, మా ఆవిడకీ చెప్పకండి, భయపడుతుంది, ఏదో ఒక సాకు చెబుతూ ఉండండి అన్నారు. లేచి వెళ్ళబోతూ నా రెండు చేతులూ పట్టుకున్నారు. కాళ్ళ మీద పడి అడిగినా ఇవ్వకండి అన్నారు. ఇవ్వనని మాట ఇచ్చాను.

ఆ మర్నాడే మీరు ఫోన్ చేసి, మామయ్యగారూ, నా శిరస్త్రాణం కనపడటం లేదు, మా ఆవిడ గానీ మీ దగ్గరికి తెచ్చిందా అని అడిగారు.