తండా కంప్యూటర్‌కు జ్వరం

వాగొడ్డు తండా,
బూర్గంపాడు మండలం,
మార్చి 19, 2025, బుధవారం.

ఉదయ్ భాస్కర్‌కు,

నమస్కారం. ఖానాపురం హవేలిలో నువ్వూ, మీ నాన్న వెంకటరామారావు గారూ, అమ్మ సుశీలమ్మ గారూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమంగా లేము. దానికి కారణం నువ్వు.

జరిగిన అన్యాయం ఇదీ. మీ ఇంట్లో మూలపడ్డ డ్యూయల్ కోర్ కంప్యూటర్‌ను మా యువజన సంఘానికి ఇచ్చావు. దండ వేయించుకున్నావు, ఫొటో దిగావు. లోపల ప్రాసెసర్ చచ్చిపోయే దశలో ఉందని మాత్రం చెప్పలేదు. ఉన్నవాడి ఇంట్లో చెత్త లేనివాడి ఇంటికి చేరి 'సాయం' అని పేరు పెట్టుకోవడం కూడా దోపిడీయే. ఈ మాట కరపత్రంలో వేస్తే నీ పేరుతోనే వేస్తాను.

ఇదంతా ఫోన్లోనే అడిగేవాణ్ణి. పోయిన ఆదివారం నేను తిట్టిన తిట్లకు నా నంబర్ బ్లాక్ చేశావట కదా. అందుకే ఉత్తరం. చెల్లె సోని మీ దగ్గరి నర్సింగ్ కాలేజీకి తిరిగి వస్తూ నీ చేతికే ఇస్తుంది. చింపకుండా చదువు.

సోమవారం సర్వే వాళ్లు వస్తున్నారు. వాగు అవతలి ఏటవాలు చేలకు, అడవికి మధ్య హద్దు గీత ఆ రోజే పడుతుంది. మా చేలగట్లన్నీ కనబడే పటం ఒకటి చూపిస్తే పక్కన పెట్టుకుని కొలుస్తామని వాళ్లే అన్నారు. బూర్గంపాడులో పెళ్లిళ్ల ఫొటోలు తీసే అతను నా మాట కాదనలేక ఒక పొద్దున డ్రోన్ ఎగరేసి వందల ఫొటోలు తీసిచ్చాడు. వాటిని కలిపి ఒక్క పటంగా కుట్టాలి. ఆ కుట్టే పని కంప్యూటర్‌ది. నీ కంప్యూటర్‌ది.

కంపెనీ పెట్టిన వేగంతో నడిపితే సోమవారం దాటిపోతుంది. అందుకే పాలిటెక్నిక్ హాస్టల్లో నువ్వు నేర్పిన విద్యే బయటికి తీశాను. బయోస్ సెట్టింగుల్లోకి పోయి, ప్రాసెసర్ వేగాన్ని నడిపే బస్ స్పీడ్ పెంచాను. అదే ప్రాసెసర్, పరుగు మాత్రం మూడో వంతు ఎక్కువ. పరుగు పెంచినప్పుడు తడబడితే వోల్టేజ్ కొంచెం పెంచాలని, వోల్టేజ్ పెంచితే వేడి పెరుగుతుందని, వేడి ఎనభై ఐదు డిగ్రీలు దాటనివ్వొద్దని నువ్వు చెప్పినవన్నీ గుర్తున్నాయి. ఆ రోజుల్లో మనం ఆట కోసం చేశాం. ఇప్పుడు మా చేల కోసం చేస్తున్నాను.

మొదటి రోజు కాసేపు బాగానే నడిచి టక్కున ఆగి మళ్లీ మొదలైంది. తడబడుతోందనుకుని వోల్టేజ్ ఒక మెట్టు పెంచాను. మళ్లీ పడిపోయింది. ఇంకో మెట్టు. ఇప్పుడు కంపెనీ చెప్పిన హద్దు దాటి ఉన్నాను, అయినా పడుతూనే ఉంది. అది పడే క్షణంలో గదిలో బల్బు కూడా సన్నగిల్లుతుంది. దానికీ నాలాగే భయం పట్టుకుందేమో అనిపిస్తుంది. పడిన ప్రతిసారీ పటం మొదటికి వస్తుంది.

ఎంత భయంగా ఉందో నీకు తెలియదు ఉదయ్. ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. ఇప్పపూలు ఏరడానికి వెళ్లినవాళ్లు పొద్దెక్కకముందే తిరిగొస్తున్నారు. సంఘం గది మీద రేకులు. క్యాబినెట్ పక్క డోర్ తీసేసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, కిటికీకి తడి గోనెపట్టా కట్టాను. అయినా తెరమీద అంకె ఎక్కుతూనే ఉంటుంది. డెబ్బై ఎనిమిది. ఎనభై మూడు. ఎనభై ఏడు. ఒక చోట ఆగితే కూర్చుంటాను, కదిలితే లేచి గోనెపట్టా మళ్లీ తడుపుతాను. ఎక్కడో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చిందంటే పరుగున పోయి చూస్తాను. ఒకసారి అది ఎవరో బయట కాల్చిన బీడీ.

మా అమ్మ మంగ్లికి వోల్టేజ్ తెలియదు, టెంపరేచర్ మాత్రం తెలిసిపోయింది. వచ్చినప్పుడల్లా క్యాబినెట్ మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. "జెరం తగ్గలేదు బిడ్డా, గింత సేపు పండుకోనియ్యరాదు దాన్ని" అంటుంది. సోనికైతే నేను ఆటబొమ్మను. "గది కంప్యూటరా, కుక్కరా అన్నా? ఇంకో రెండు విజిళ్లు రానియ్యి, పటం ఉడుకుతది" అంటుంది. నవ్వాలనే ఉంది, నవ్వు రావడం లేదు.

నాన్న పొద్దున చేనుకు పోతూ గుమ్మంలో ఆగి "ఎంతకొచ్చిందిరా?" అని అడుగుతాడు. నేను వేడి అంకె చెప్తాను. ఆయన అడిగేది పటం గురించి అని ఇద్దరికీ తెలుసు. చేనులో ఆ గట్లు ఆయనే రాయి మీద రాయి పెట్టి కట్టాడు. గీత గట్టుకు ఇవతల పడితే మాకు మిగిలేది గట్టు కూడా కాదు.

నిన్న పక్కచేను సోమ్లా బాబాయి అందరి ముందూ అడిగాడు. "రవిగా, నువ్వు మైకు పట్టుకోని మన పటం మనమే గీసుకుందాం అంటివి. గిప్పుడు గా డబ్బా సల్లబడ్డంక సర్వేసార్లకు ఏం జూపిస్తవ్, గోనెపట్టనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవుల్లో నిప్పు పోసినట్టయింది.  ఆయన అడిగిందే నేనూ రోజంతా నన్ను అడుగుతున్నాను.

ఫొటోలన్నీ నీకు పంపిస్తే నీ ఆఫీసు లాప్‌టాప్‌లో అయిపోతుంది కదా అని సోని అంటుంది. పంపను. మన నేల పటం మన గదిలోనే తయారవ్వాలని తండా ముందు చెప్పినవాణ్ణి. చెయ్యి చాపి తెచ్చుకున్న పటం మీద రేపు ఎవడైనా వేలు పెట్టి అనుమానిస్తే జవాబు చెప్పే మొహం నాకుండదు.

కానీ ఈ ప్రాసెసర్ కాలిపోతే మాత్రం చూపించడానికి పటమే ఉండదు. తండాలో ఉన్నది ఇదొక్కటే.

కాబట్టి వినతి కాదు, పిలుపు: శనివారం పొద్దున పది గంటలకు సంఘం గది ముందు అందరం కూర్చుంటాం. నువ్వు వచ్చి, తెలిసి తెలిసి చెడిపోయిన యంత్రం ఇచ్చావో లేదో తండా ముందు చెప్పాలి. రాకపోతే రాలేదనే చెప్తాను.

ఇట్లు,
నీ స్నేహితుడిగా ఉండిన
రవికుమార్,
దేవ్లా కొడుకు.

తా.క. గురువారం సాయంత్రం. పైన రాసింది చింపేద్దామనుకున్నాను. చింపలేదు. అది చదివాకే నువ్వు ఇది చదవాలి.

ఈ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పడింది. వాన చూసి అందరూ బోరు మోటర్లు ఆపేశారు. కంప్యూటర్ పడకుండా నడిచింది. చల్లబడింది కదా అనుకుని తెర చూస్తే ఎనభై తొమ్మిది. ఇన్ని రోజుల్లో అంత వేడి ఎప్పుడూ చూడలేదు. వేడిగా ఉండి కూడా పడటం లేదంటే, ఇన్నాళ్లూ పడింది వేడి వల్ల కాదేమోనని నాకు వేరే భయం మొదలైంది.

వాన వెలిశాక మోటర్లు మళ్లీ వేశారు. కాసేపటికి కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. వచ్చీ రాగానే చేలల్లో మోటర్లన్నీ ఒక్కసారే గుర్రుమన్నాయి. బల్బు సన్నగిల్లింది. నేను దాని వైపు చూస్తుండగానే కంప్యూటర్ పడిపోయింది.

మా ఇళ్లకూ బోర్లకూ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే ఉదయ్. ప్రతి మోటరుకూ ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే అదే మోటరును నడిపిస్తుంది. అన్నీ కలిసి ఒక్కసారి లాగితే గోడ దగ్గర ప్లగ్గులోనే కరెంటు చాలదు. నేనేమో ప్రాసెసర్ తడబడుతోందనుకుని దానికి వోల్టేజ్ మీద వోల్టేజ్ ఎక్కించాను. జ్వరం తెప్పించింది నేనే. నీ యంత్రంలో ఏ లోపమూ లేదు.

ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ ఆటో స్టార్టర్లు పెట్టించింది ఎవరనుకున్నావు? చీకట్లో మోటరు వెయ్యబోయి ఏ రైతూ పాము కాటుకు గురికావద్దని రెండేళ్ల కింద కరపత్రం రాసి, ఇల్లిల్లూ తిరిగి పెట్టించింది నేనే. ఆ మాట ఇప్పటికీ తప్పనను. కానీ అందరూ ఒక్కసారి లాగితే ఏమవుతుందో ఆ రోజు ఆలోచించలేదు.

వోల్టేజ్ కంపెనీ అంకెకు దించేశాను, వేగం మాత్రం అలాగే ఉంచాను. నాన్న చేల వెంట తిరిగి కాసేపు మోటర్లు ఆపించాడు. ఆ కాసేపూ వేడి డెబ్బై నాలుగు దాటలేదు, యంత్రం పడలేదు. అమ్మ చెయ్యి ఆనించి తల ఊపింది. ఇక ఒక పగలూ ఒక రాత్రీ మోటర్లు ఆగితే పటం పూర్తవుతుంది. ఇన్నాళ్లు నేను కాల్చిన ప్రాసెసర్‌లో అంత ప్రాణం మిగిలిందో లేదో తెలియదు. ఆ భయం పోలేదు.

మక్కజొన్న చేలు గింజ పోసుకుంటున్నాయి, ఒక్క రోజు నీళ్లు ఆపాలన్నా రైతుకు మనసొప్పదు. మిగతావాళ్లు సరేనన్నారు. సోమ్లా బాబాయి మాత్రం "నీ డబ్బా కోసం నా మక్క ఎండాల్నా?" అన్నాడు. ఆయన మోటరు ఆగకపోతే పక్కవాడిది ఆగదు. నా మాట ఆయన వినడు, వినాల్సిన పనీ లేదు. నీకైతే అప్పుడు ఆయనే దండ వేశాడు.

కాబట్టి పది గంటలు కాదు. తండా ముందు జవాబు చెప్పాల్సిందీ నువ్వు కాదు, నేను. శనివారం పొద్దున ఆరు గంటలకు వాగు పక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అందరం కలుస్తున్నాం. అక్కడినుంచి ఎవరి మోటరు దగ్గరికి వాళ్లు పోయి ఆటో స్టార్టర్లు ఆపుతారు. నువ్వు తిట్టదలుచుకున్నవన్నీ దారిలో కూడగట్టుకుని రా. ముందు సోమ్లా బాబాయి చేనుకు పోదాం. ఆరు గంటలకు.