వాసన లేని గ్యాసు

అమ్మాయీ, ప్రభువు చేతి నీడలో నేనూ అల్లుడూ క్షేమం. నువ్వు ముందు అన్నం తిని తర్వాత ఇది చదువు.

నువ్వు చూసి రమ్మన్న పడవ చూశాను. డీజిలు మానేసి, గడ్డకట్టే చలిలో నీళ్ళలా మార్చిన గ్యాసుతో జనాన్ని దాటిస్తోంది. నిన్న రేవులో అల్లుడు గొట్టం తగిలించి గ్యాసు నింపుతుంటే, నేను వరుసలో ఉన్నవాళ్ళకి వాక్యం చెబుతున్నాను. గొట్టం చుట్టూ తెల్లగా పొగ లేచింది. "అగ్నిగుండం నోరు తెరిచింది, పారిపోండి!" అని గొంతు చించుకున్నాను. ఒక ముసలమ్మ చెప్పులు వదిలేసి మరీ పరుగెత్తింది. అల్లుడు వచ్చి, "మామయ్యా, మీ నరకం కాస్త ఆపండి. అది చలికి గాలిలో తేమ మంచుపొగ కావడం. ఈ గ్యాసుకి రంగూ లేదు, వాసనా లేదు" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మాటకే రెండడుగులు వెనక్కి వేశాను. వంటింటి గ్యాసు కారితే నీ ముక్కైనా చెబుతుంది. ఇక్కడ అల్లుడు చొక్కాకి తగిలించుకున్న, గ్యాసుని పసిగట్టే చిన్న పెట్టె అరిస్తేనే తెలిసేది.

మన సిలిండరు రబ్బరు గొట్టం పాతబడింది, ఇవాళే మార్పించు. అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? నా కళ్ళజోడు అలమారలో ఉంది, పంపు.

ప్రార్థనలో ఆ పెట్టె మూగగా ఉండాలని అడగకు తల్లీ. అరవాల్సిన వేళ నాకంటే గట్టిగా అరవాలని అడుగు.

దీవెనలతో,
నాన్న