మదార్బీ దాటాల్సిన నీళ్ళు

అబూ ఫహద్ తోట,
హాయిల్

శ్రీలేఖ మేడం గారికి,

లాల్ అహ్మద్ సలాములు. మీకు నేను గుర్తుండను గానీ, మీ చెప్పు నాకు బాగా గుర్తుంది. చలికాలంలో మా తోట ముందున్న నీళ్ళపల్లం కొలవడానికి మీ కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు, మీరు బురదలో కాలు పెట్టి "అయ్యబాబోయ్, నా చెప్పు!" అని అరిచారు. అరబ్బుల ఎడారిలో ఆ కేక విని ఈ రాయచోటివాడికి ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నా గోడు వినండి. పెద్ద రోడ్డుకూ మా తోటకూ మధ్య ఆ పల్లం ఉంది. టమాటా డబ్బాలు ట్రాక్టరు మీద దాటిస్తాం. అవతల వ్యాను కాచుకుని ఉంటుంది. నా భార్య మదార్బీ మదీనాలో ఒక హోటల్లో దుప్పట్లు మారుస్తుంది. ఇద్దరం ఒకే దేశంలో ఉండి, రెండు రంజాన్లకు ఒకసారి కలుసుకుంటున్నాం. మా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని, అబూ ఫహద్ మంచివాడే. "పల్లం మీద మట్టిరోడ్డు పడనీ, సిమెంటు లారీ రానీ, నీకొక గది కట్టిస్తా. నీ భార్యను డబ్బాలు సర్దే పనికి నా పేరు మీదికి మార్పిస్తా" అన్నాడు. రోడ్డుకు పర్మిషన్ అడిగితే మూడు ఆఫీసులూ "ఆ నీళ్ళు ఎవరివో మ్యాపు తేల్చాలి" అన్నాయి. ఆ మ్యాపు గీసేది మీరేనట. కాస్త తొందరగా గీయండి.

మీ మేలు కోరే
లాల్ అహ్మద్

తా.క.: ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుందని కాగితం మీద రాస్తున్నాను. వ్యాను డ్రైవరు ముస్తాక్ శుక్రవారం రియాద్‌లో బతా బజారుకు టమాటాలు తెస్తాడు. జవాబు వాడికివ్వండి. మీ చెప్పు దొరికింది, కడిగి పెట్టాను.

*

రియాద్

లాల్ అహ్మద్ గారికి నమస్కారం.

మీ ఉత్తరానికి టమాటా వాసన వచ్చింది. మా ఆఫీసులో అందరూ వాసన చూశారు.

మీ పల్లానికి మా మ్యాపులో ఇంకా రంగు పడలేదు. ఉపగ్రహం ఫోటోలో రెల్లుగడ్డి అడ్డమొచ్చి నీళ్ళు సరిగా కనిపించడం లేదు. అవి స్పష్టంగా కనిపిస్తే పని తొందరగా తేలుతుంది. మీరు ఒక సాయం చేయండి. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఆ అంచు వెంబడి చిన్న జెండాలు పాతండి. మా కుర్రాళ్ళు వచ్చి కొలుచుకుంటారు.

మదార్బీ గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు
శ్రీలేఖ

తా.క.: ఆ రెండో చెప్పును నేను కోపంలో పారేశాను. మీరు దాచినదాన్నేం చేయాలో మీ ఇష్టం.

*

అబూ ఫహద్ తోట

మేడం గారికి సలాములు.

మీరు చెప్పినట్టే, చెప్పినదానికన్నా ఎక్కువే చేశాను. నీళ్ళు స్పష్టంగా కనిపించాలన్నారు కదా. తోట బోరు తిప్పి పల్లంలోకి వారమంతా వదిలాను. ఇప్పుడు ఉపగ్రహానికి కాదు, గుడ్డివాడికైనా కనిపిస్తాయి.

జెండాల దగ్గరే చిన్న చిక్కొచ్చింది. నారుమడికి కప్పే పాత ఆకుపచ్చ గుడ్డ ఉంటే చించి, కట్టెలకు కట్టి వరసగా పాతాను. మా రాయచోటిలో పచ్చజెండా ఎగిరితే ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ రెండోరోజే ఒక పాకిస్తానీ ట్రైలరు డ్రైవరు దర్గా అనుకుని బండి ఆపి, దిగి, చేతులెత్తి దువా చేశాడు. "ఇక్కడెవరూ లేరు భాయ్, ఉత్త నీళ్ళు" అన్నాను. "ఏ మహానుభావుడో ఏమో, అడిగితే పోయేదేముంది! నాకు సెలవు దొరకాలి" అన్నాడు. మర్నాడు ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు. అబూ ఫహద్ చూసి, సమాధులకు మొక్కడం ఈ దేశంలో నేరం, నా పొలంలో సమాధి కట్టావా అని తలగుడ్డ నేలకేసి కొట్టాడు. మీ ఉత్తరం చూపించాను. తెలుగు చదవలేక ఇంకా మండిపడ్డాడు.

రంగు పడిందా మేడం?

లాల్ అహ్మద్

తా.క.: సమాధి ఎవరిదని అబూ ఫహద్ గుచ్చి గుచ్చి అడిగితే, తోచక మీ చెప్పు చూపించాను. అది పొరపాటే అనుకుంటా.

*

రియాద్

లాల్ అహ్మద్ గారూ,

మీకు చేతులెత్తి మొక్కుతాను, బోరు కట్టేయండి. జెండాలు పీకేయండి. నా చెప్పు ఎవరికీ చూపించకండి.

ముందే వివరంగా చెప్పకపోవడం నా బుద్ధితక్కువ. వాననీళ్ళు పారే వాగు అయితే మ్యాపులో పసుపు, అది మున్సిపాలిటీది. పొలాల నుంచి ఊరిన నీళ్ళయితే ఊదా, అది నీళ్ళ ఆఫీసుది. ఎప్పటి నుంచో ఉన్న చిత్తడినేల అయితే ఆకుపచ్చ, అది పర్యావరణంవాళ్ళది. వాళ్ళు తట్టెడు మట్టి కూడా పోయనివ్వరు. మొన్నటి ఫోటోలో మీ పల్లం చెరువులా నిండి ఉంది. మా మేనేజరు "ఇంత పెద్ద చిత్తడినేల ఇన్నాళ్ళూ ఎలా వదిలేశాం!" అని మురిసిపోయి ఆకుపచ్చ పెన్సిలు తీశాడు. నేను పట్టుకుని ఆపాను.

ఇక మీరు ఏమీ చేయకండి. ఊరికే కూర్చోండి.

శ్రీలేఖ

*

అబూ ఫహద్ తోట

మేడం గారికి సలాములు.

ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. ఆకుపచ్చ పడితే మదార్బీ రాదని అర్థమయ్యాక చేతులు ఆగుతాయా? బోరు కట్టేశాను. పార తీసుకుని పల్లానికి కాలువ తవ్వి నీళ్ళన్నీ వదిలేశాను. చూడ్డానికి అచ్చం ఎండిన వాగులా తయారైంది. పసుపు వేసుకోండి అనుకున్నాను.

తెల్లారి లేచి చూస్తే, ఎర్రకాళ్ళ పొడుగు పిట్టలు బురదలో నిలబడి కీచుమని అరుస్తున్నాయి. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. ఏం పోగొట్టుకున్నాయో వాటికీ తెలిసినట్టు లేదు. నేనిక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో కూడా అవి ఉన్నాయి. అప్పుడు నాతో మాట్లాడేవాళ్ళు లేక వాటితోనే మాట్లాడేవాణ్ణి. చాలా బాధేసింది మేడం. ముస్తాక్ నవ్వాడు. "ఏంన్నా, పెండ్లాం కోసం తవ్వితివి, పిట్టల కోసం పూడుస్తాండావా?" అన్నాడు. అవును, పూడ్చేశాను. నీళ్ళు మళ్ళీ ఊరుతున్నాయి.

ఇప్పుడు ఏ రంగు?

లాల్ అహ్మద్

తా.క.: నిజమే రాయండి. నేను తట్టుకుంటాను.

*

రియాద్

అన్నా,

నీ పల్లం మూడు ఫోటోల్లో మూడు రకాలుగా ఉంది. ఉపగ్రహం చెడిపోయిందేమోనని మేనేజరు దాని కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు.

నువ్వు బోరు తిప్పకముందు తీసిన పాత ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి చలికాలమూ అక్కడ నీళ్ళున్నాయి, రెల్లు ఉంది. మాది కొల్లేరు పక్క ఊరు. ఆ ఎర్రకాళ్ళ పిట్టలు మాకూ వచ్చేవి. మావాళ్ళు ఎవరి బతుకుతెరువు కోసం వాళ్ళు గట్టు మీద గట్టు వేసుకుంటూ పోయారు. ఎవరినీ తప్పుపట్టలేను, మా నాన్న కూడా వేశాడు. మా ఇంటివైపు మాత్రం పిట్టలు రావడం మానేశాయి. ఈ పెన్సిలు నా చేతికొచ్చినప్పుడు అబద్ధం గీయబుద్ధి కాలేదు.

ఆకుపచ్చ వేశాను అన్నా. రోడ్డుకు పర్మిషన్ రాదు. మదార్బీ వదినకు నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు. నన్ను తిట్టుకో, పర్లేదు.

నీ చెల్లెలు
శ్రీలేఖ

*

అబూ ఫహద్ తోట

శ్రీలేఖమ్మకు,

మదార్బీ దువాలు. అవును, తోట నుంచే రాస్తున్నాను. నీ ఉత్తరం ఈయన నాకు ఫోన్లో చదివి వినిపించి, చివర్లో ఫోను పెట్టేశాడు. అట్లా పెట్టేయడం నాకు నచ్చలేదు. హోటల్లో సెలవు అడిగి బస్సెక్కాను.

పల్లం దగ్గర దిగి చూస్తే నీళ్ళు మోకాలి దాకా కూడా లేవు. సల్వారు మడిచి, సంచి నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాను. ఈయన గట్టు మీద నిలబడి "ఎట్ల దాటితివే!" అంటాడు. "కాళ్ళతోనే" అన్నాను. రెండేళ్ళుగా ఈయన నా కోసం ఆఫీసులన్నిటినీ అడిగాడు. నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదమ్మా. వచ్చిన కోపానికి ముందు ఏడ్చి, తర్వాత టీ పెట్టాను.

సాయంత్రం ట్రాక్టరు టమాటాలు అవతలికి చేర్చి వచ్చింది. ఖాళీగా వచ్చింది. "రోజూ ఇట్లనే వస్తాదా?" అంటే "ఊఁ" అన్నాడు. "మరి సిమెంటూ ఇటుకలూ దాంట్లో వేసుకుని రాలేరా? లారీయే రావాల్నా?" అన్నాను. అబూ ఫహద్‌కు ఈయన ఆ మాట అరబ్బీలో చెప్పాడు. ఆయన ట్రాక్టరును చూసి, తర్వాత నన్ను చూసి, నన్ను తన పేరు మీదికి మార్పించే కాగితం మీద సంతకం పెట్టాడు. ఈ వారం ఇటుకలు వస్తున్నాయి.

నువ్వు వేసిన రంగు మంచిదే. నేనొచ్చినప్పుడు పిట్టలు ఎగిరిపోలేదు, కొంచెం పక్కకు జరిగాయంతే. గదికి గుమ్మం వాటివైపే పెట్టిస్తున్నాను. వచ్చి ఒకపూట అన్నం తినిపో. నీ చెప్పు గూట్లో ఉంది.

నీ వదిన
మదార్బీ

తా.క.: గది కట్టే చోట మీ మ్యాపులో ఏ రంగుందో చూసి చెప్పు. రంగేమీ లేకపోతే మరీ మంచిది.

ఇంకో తా.క.: ఆ పాకిస్తానీ డ్రైవరుకు సెలవు దొరికిందట. ఊరికి పోయేముందు దువాకు మళ్ళీ వచ్చాడు. జెండాలు తీసేశాం నాయనా, ఇక్కడెవరూ లేరు అని చెప్పాం. పర్వాలేదు, నీళ్ళున్నాయి కదా అన్నాడు.