ఈ మురికిని ఉతక్కు

బోహుష్,

మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, ట్రాము వచ్చే వేళయింది. నీ అడవి కాపరి వేషానికి సంచి సర్ది తలుపు పక్కన పెట్టాను. రై రొట్టె, సాసేజీలు గుడ్డలో చుట్టి పైనే ఉంచాను. అడవిలో పాతకాలపు వేషాలేసుకుని ఆడే ఆటలో ప్లాస్టిక్ కవరు కనబడిందంటే అందరూ నవ్వుతారు. స్పాంజి కత్తిని సంచిలో దూర్చకు, నడుముకే కట్టుకో.

కొత్త ముసుగు అంగీని ఉప్పు కాగితంతో రుద్ది, టీ డికాక్షన్‌లో నానబెట్టి, పెరటి బురదలో వేసి తొక్కాను. ఏళ్ల తరబడి అడవిలో తిరిగినవాడిలా ఉంటావు. పోయినేడాది పాతదాన్ని ఇలాగే చేసిస్తే, మురికనుకుని వాషింగ్ మెషీన్‌లో వేశావు. "పెళ్లికొడుకొచ్చాడ్రోయ్!" అని మీ జట్టులోని ఓతా శిబిరమంతా చాటాడు. ఈసారి ఉతికావో, నీ సంగతి చెప్తా.

దుప్పటి ఒక్కటే చుట్టాను, ఈ ఏడు నేను రావడం లేదుగా. రెండూ కలిపి చుట్టే అలవాటుకొద్దీ తాడు పొడుగ్గా కోశాను. మిగిలింది ముడేసుకో.

మిలాడా

అన్నట్టు, సంచికి నా రేకు కప్పు కూడా వేలాడదీశాను. నెగడు దగ్గర ఎవరైనా అడిగితే ఇవ్వు. వద్దులే, ఇవ్వకు. నువ్వే అందులో టీ కాచుకుని, మసి కడక్కుండా తీసుకురా. ఆ మరక ఒక్కటీ ఇంట్లో కూర్చుని చెయ్యడం నా వల్ల కాదు.