నీ పళ్ల గాట్లు

నాయినా,

నీ సంవత్సరికం అయిన మర్నాడు అమ్మ నీ సాక్సోఫోన్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "గిది మూలకు పడుండుడేంది బిడ్డా? నువ్వన్న నేర్సుకో, లేకుంటె ఊదెటోళ్లకు ఇచ్చెయ్" అంది. నేర్చుకుంటానన్నాను.

మేడ్చల్‌లో నేర్పేవాళ్లు దొరకలేదు. నీ బ్యాండువాళ్లను ఊపిరి ఎలా పట్టాలని అడిగితే "మాకెవ్వరు జెప్పిండ్రు?" అని నవ్వారు. చివరికి ఫోన్‌లో నేర్పే ఒక మేడమ్ దొరికింది. నెల దాటినా ఒక్క పాట చెప్పలేదు. ఒకే స్వరాన్ని వణకకుండా నిలబెట్టమంటుంది. నీకైతే విసుగొచ్చేది. గుండ్లపోచంపల్లి గోదాములో డ్యూటీ దిగొచ్చి రోజూ ఊదుతున్నాను. రోజూ వణుకుతోంది.

నిన్న ఆమె ఫోన్ దగ్గరగా పెట్టమంది.

"మౌత్‌పీస్ మీద ఆ గాట్లేంటమ్మా?"

"మా నాయిన పళ్లయి మేడమ్. పెండ్లి బారాత్‌ల నడుసుకుంట ఊదెటోడు."

"నడుస్తూ ఊదేవాళ్లు జారకుండా అలా కొరికి పట్టుకుంటారు. నువ్వు కూర్చునే ఊదుతున్నావుగా. వాటిని దాటి కాస్త లోపలికి పెట్టు పళ్లు."

ఇన్నాళ్లూ అదే సరైన చోటనుకుని, నీ గాట్లలోనే పళ్లు పెడుతున్నాను. దాటి పెట్టాను. స్వరం మొదటిసారి నిలబడింది. వంటింట్లోంచి అమ్మ "ఇగ మంచిగొచ్చింది" అంది.

క్లాసు అయ్యాక పళ్లు మళ్లీ నీ గాట్లలో పెట్టి ఒక్కసారి ఊదాను. వణికింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"గిట్లనే ఊదెటోడు" అంది అమ్మ.